స్తెఫానిదా బూడిద

మార్చి చివర, మంచు సగం కరిగి
సగం మొండికేసిన రోజున
పోలేసియేలోని ఆ ఊరికి డోలమైట్ పిండి లారీ ముందు వెళ్తుంది.
వెనకే నేను, మట్టి తీసే ఇనుప గొట్టంతో.
లారీ తోలే త్సిమాఫెయ్ కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి.
"ఒక్క పూటలో ముసలాణ్ణయ్యాను చూడు" అంటాడు ప్రతి ఏడూ.

మొదటి ఏడు స్తెఫానిదా గడపలోనే నిలదీసింది:
సున్నం గోడలకి కదా, నేలకెందుకు?

లాబ్‌లో చెప్పినట్టు కాక
మా అమ్మకి చెప్పినట్టు చెప్పాను.
వేరుకి కళ్లు లేవు పిన్నీ.
దానికి కావలసింది పొటాషియం. అది దొరక్కపోతే
అదే పోలికతో, అదే నడకతో వచ్చిన సీజియంని
రా రమ్మని లోపలికి పిలుస్తుంది.
ఆకలి రుచెరుగదు.
కడుపు నిండిన వేరయితే
వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెడుతుంది.
సున్నం సంగతీ అంతే. స్ట్రాన్షియం వస్తుంది
కాల్షియం చొక్కా తొడుక్కుని,
గడ్డిలోకి, పాలలోకి, పసివాళ్ల ఎముకల్లోకి.

ఆవిడ చేతిలో బంగాళాదుంప
సగం చెక్కు తీసి ఉంది.
"అయితే అది పోదన్నమాట."
పోదు.
"ఇక్కడే ఉంటుంది."
ఉంటుంది. సగం తరగడానికి ముప్పై ఏళ్లు,
ఆ సగంలో సగానికి మళ్లీ ముప్పై.
"మరి మీ పిండి ఏం చేస్తున్నట్టు?"
పలకరింపు లేకుండా చేస్తుంది.

అప్పుడు నవ్వింది.
"నేనూ మా తోడికోడలు ఉల్యానా
ఈ కప్పు కింద, ఈ పొయ్యి పక్కన
పదకొండేళ్లు మాటల్లేకుండా బతికాం.
ఆవిడ కోసిన రొట్టె నేను తిన్నాను,
నేను తోడిన నీళ్లు ఆవిడ తాగింది.
సరే, రాసుకో. పోయించుకుంటాను."

ఆ ఏడు రై గింజలు హద్దులోపల. పాలు హద్దులోపల.
పెరటి దుంపలు మాత్రం
మూడుసార్లు కొలిచాను. గిన్నె కడిగి మళ్లీ కొలిచాను.
పొలంలో దిగిన అంకె
పెరట్లో ఎక్కి కూర్చుంది.

పొయ్యి పక్కన రేకు బకెట్టు.
అందులో బిర్చి కట్టెల బూడిద, పిల్లి బొచ్చంత మెత్తగా.
"నలభై ఏళ్లుగా పాదులకి ఇదే. మా అమ్మా ఇదే వేసేది.
నువ్వు చెప్పే పొటాషియం ఇందులో లేదూ?"

ఉంది.
నేను పుట్టకముందే వాళ్లమ్మకి తెలిసిన నిజం అది.
కానీ అడవికి ఎవరూ పిండి చల్లలేదు.
అక్కడి బిర్చి ఆకలికి మింగినదంతా కట్టెలో దాచుకుంది.
పొయ్యి కట్టెని కాల్చింది.
కాలనిది మిగిలింది,
బండెడు కట్టెలది ఒక్క బకెట్టులోకి చిక్కబడి.

ఈ మాట ఎలా చెప్పాలో ఏ శిక్షణలోనూ నేర్పలేదు.
చెప్పాను.
ఆవిడ బకెట్టు మీద మూత పెట్టింది,
కాలితో తలుపు మూలకి నెట్టింది.
తిట్టలేదు.
"అమ్మ తప్పు కాదు కదా" అంది కాసేపటికి.
కాదు పిన్నీ. బూడిద తప్పూ కాదు.

ఇప్పుడు సలిహోర్స్క్ గనుల పొటాష్ వస్తుంది,
ఇటుక పొడి రంగులో, సంచుల్లో.
గుప్పిళ్లతో చల్లి చేతులు గౌనుకి తుడుచుకుంటుంది.
దుంపలు హద్దు కిందకి వచ్చాయి,
వెంట్రుకవాసి తేడాతోనే అయినా.

ఆగస్టులో వెళ్తే ఇంట్లో లేదు.
గోడ మేకుకి బుట్ట లేదు.
ఎక్కడికెళ్లిందో ఎవర్నీ అడగక్కర్లేదు,
పుట్టగొడుగుల కాలం.
మెట్టు మీద కూర్చున్నాను, దోమలు కుడుతున్నా.

పొద్దు వాలాక వచ్చింది
బుట్ట మీద తలగుడ్డ కప్పుకుని.
తడి ఆకుల వాసన నాకంతా తెలుస్తూనే ఉంది.
నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.
బుట్టని మా ఇద్దరికీ మధ్య మెట్టు మీద పెట్టి,
"కొలవడానికి దుంపలు తీసుకెళ్తావా?" అంది.