నీలం ఎంతసేపు నిలుస్తది

తెల్లనివన్నీ పాలంటరు గానీ
నా బల్ల మీద తెల్లదనం చెడ్డ సాక్షి.

పది మిల్లీల పాలు, ఒక మిల్లీ నీలం మందు,
రబ్బరు బిరడా.
తలకిందులు ఒకసారి, మళ్లొకసారి.
ముప్పై ఏడు డిగ్రీల నీళ్లల్ల నిలవెడ్త,
మన ఒంటి వెచ్చదనమే, జరం లేనప్పటిది.
ఇగ గోడ గడియారం దిక్కు చూసుడే నా నౌకరి.

ఐదు గంటలు నీలం నిలిస్తే మస్తు మంచి పాలు,
మూడు నిలిస్తే చాలు.
అరగంటకే పోయిందంటే
లోపల కండ్లకు కానరానోళ్లు
ఉన్న గాలంతా తాగేసిన్రన్నట్టు.
వాళ్లకు పేర్లున్నయి, కాలేజీల చదివిన,
పరీక్ష రాసి మర్చిపోయిన.
వాళ్ల ఆకలిని మాత్రం రోజూ చూస్త.

దేవరకొండ రోడ్డు మీది ఈ పాలకేంద్రానికి
ఏడున్నరకు ఆటో వస్తది.
ఇవాళ పద్నాలుగో నంబరు
ఇరవై రెండు నిమిషాలల్ల తేలిపోయింది.
నీలం వరుసల ఒక్క తెల్ల పన్ను.

రిజిస్టర్ల: ఈదమ్మ, రాళ్లబాయి, రెండు బర్రెలు.
ఆరున్నర లీటర్లు, ఆ పూట మూడొందల చిల్లర.

"తెల్లగైతే ఏమాయె బిడ్డా,
పాలు తెల్లగనే ఉండాలె గద.
నీలం పోసింది నువ్వు,
నేనైతే నీళ్లు పోయలే."

నిజమే. లాక్టోమీటరు ఆమె దిక్కే మాట్లాడింది.
ఒక్క చుక్క నీళ్లు లేవు.
అబద్ధం ఆడని మనిషికి కూడా జరమొస్తదని
ఆమెకు ఎట్ల చెప్పాలె?

పొద్దుగూకినంక స్కూటీ మీద రాళ్లబాయికి పోయిన.
నాలుగు చన్నులవి నాలుగు ధారలు
నల్ల రేకు మీద పిండిచ్చి చూసిన.
పలుకులు లేవు. పొదుగువాపు లేదు.
చేతులకు సబ్బు వాసన.
బకెట్టు మొఖం చూసుకునేటట్టున్నది.
ఆమె నా ఎనకనే నడుస్తున్నది,
పోలీసోళ్లు ఇల్లు సోదా చేస్తుంటే నడిచినట్టు.

ఆఖరుకు క్యాను మూత.
రబ్బరు రింగు కింద గోరు పెట్టి లేపిన.

పసుపు జిగట. ఎన్నటిదో.
వాసన మా ఇద్దరికీ ఒక్కసారే తగిలింది.
ఈదమ్మ కొంగు
ముక్కుకు కాదు, నోటికి పెట్టుకున్నది.

"గింత సందులనా?"
"గింత సందులనే."

ఉగాది నాడు మనుమనికి వాంతులైనయంట,
ఆమె లెక్క ఎనకకు పోతున్నది.
అదీ ఇదీ ఒకటేనో కాదో,
నా గాజు గొట్టం అంత దూరం చెప్పదు.
చెప్పదనే చెప్పిన.
పొంగినంక జరసేపు మరగనియ్యి అన్న.

లేస్తుంటే కిటికీల స్టీలు గిన్నె కనపడ్డది,
మీద పళ్లెం, పళ్లెం మీద చిన్న రాయి.
అందులున్నోళ్లు కూడ వీళ్ల దూరపు చుట్టాలే.
కాకుంటే వాళ్లను మనమే పిలుస్తం,
ఒక్క చెంచాడు, పాలు గోరువెచ్చగున్నప్పుడు,
తోడు అని పేరు పెట్టి.
మూత సందుల పిలవకుండ కూసున్నోళ్లకు
మా ఊళ్లల్ల పేరే లేదు.

రింగు ముప్పై రూపాయలు.
కేంద్రం స్టోర్ల డబ్బ నిండ ఉన్నయి,
దుమ్ము పట్టి.
అడగాలని ఈదమ్మకు తెల్వదు,
ఇయ్యాలని మాకు యాదికి రాలే.
ఈ తప్పు ఏ గొట్టంల తేలుతదో!

తెల్లారి క్యానుతోని ఆమె కూడ ఆటో దిగింది.
పద్నాలుగో గొట్టం ముందట
స్టూలు లాక్కొని కూసున్నది.
గంట. రెండు గంటలు. చాయ్ ఇస్తే వద్దన్నది.
మూడు దాటింది, "పాసైంది పో" అన్న.
కదల్లే.

నాలుగు గంటల పది నిమిషాలకు
నీలం పలచబడి, పలచబడి
పోయింది.

"ఐదు గాలే" అన్నది.
"గాలే."

మూత చేతిలకు తీసుకొని
రింగును ఎలుతురుకు పట్టి చూసింది.
"బర్రె తోకను కట్టేయలే నేను" అన్నది,
నాకు కాదు, తనకే.
"రేపు చూస్త."