పావు పౌండు

లారీకి తొంభై, ఆటోకి ఇరవై ఎనిమిది,
సైకిలుకి బొటనవేలే మీటరు.
మరి కడుపుకెంత పడతావమ్మా?
అడిగింది పెంచలమ్మ.
రెడ్‌హిల్స్ రోడ్డు మలుపులో పంచరు కొట్టు ఆమెది.
గోళ్ల సందుల్లో ఏ సబ్బుకీ లొంగని రబ్బరు నలుపు.

సంతకానికి కాగితం పట్టుకుని నిలబడ్డాను.
పదమూడేళ్లలో ఎవరూ అడగని మాట.
పాదరసం లెక్కని ఆమె లెక్కలోకి మార్చి చెప్పాను:
పావు పౌండు కూడా ఉండదు.

ఆమె నవ్వలేదు.
"పోయినసారి గర్భసంచి తీసినప్పుడూ ఈ గాలేగా!
కోసింది బొడ్డుకాడ.
మూడు దినాలు నొచ్చింది ఈ భుజం.
పావు పౌండుకేనా అంత?"

తెలిసింది చెప్పాను.
ఊపిరి కింద గొడుగులా పరుచుకున్న కండని
గాలి సాగదీస్తుందని,
దాని నరం మెడలో పుట్టింది కాబట్టి
నొప్పిని భుజం చిరునామాకి పంపుతుందని.

చెప్పనిది వేరే ఉంది.
మే నెల. కీల్పాక్‌లో గోడలకి కూడా చెమట.
మద్రాసు మొత్తం మీద పొడిగా ఉన్నది
మా సిలిండర్లో గాలి ఒక్కటే.
అది చల్లగా లోపలికి పోయి
పేగుల మీది తడిని నాకేస్తుంది.
కెమెరాలో చూస్తూనే ఉంటాను:
మొదట అప్పుడే కడిగిన ద్రాక్ష మెరుపు,
అరగంటకి
ఎవరో చీరచెంగుతో తుడిచేసినట్టు.

సొల్యూషను ఆరితేనే అతుకు పట్టుద్ది, అంటుంది పెంచలమ్మ.
ఆమె కొట్టులో అది పనితనం.
కడుపులో పొర ఆరినా అతుకే పడుతుంది,
పేగుకీ పేగుకీ,
ఎవరూ అడగని అతుకు.

మర్నాడు థియేటర్లో
మిషను ఎప్పటిలాగే పద్నాలుగు చూపించింది.
ఆ అంకె ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో.
ఎనిమిది చాలు, నెమ్మదిగా వదలండి, అన్నాను.
"చోటు చాలదమ్మా" అన్నారు తణికాచలం సారు.
"కండ ఇంకాస్త వదులు చేస్తాలే" అంది మత్తు ఇచ్చే సెల్వి.
స్టోరులో సీలు విప్పని గొట్టం ఒకటి,
గాలిని ఒంటి వేడికి తెచ్చి తడిపేది,
ఖరీదు చూసి ఏడాదిగా పక్కన పెట్టింది,
జోస్ఫీన్ సిస్టరు దుమ్ము తుడిచి పట్టుకొచ్చింది.

గుడారం ఎత్తు తగ్గింది.
లోపల వంగి నడిచినట్టే పనిచేశాను.
కాలేయం మాటిమాటికీ దారికి అడ్డం.
ఒకసారి పదికి పెంచాను, మళ్లీ దించాను.
దాచడమెందుకు,
పదిహేను నిమిషాలు ఎక్కువే పట్టింది.
పిత్తాశయం బయటికొచ్చేసరికి కూడా
పేగుల మీద మెరుపు ఉంది.
ఉన్నట్టే అనిపించింది.

కుట్లకు ముందు
కడుపుని రెండు అరచేతులతో అదిమాను,
సెల్వి ఊపిరితిత్తులు నిండా నింపింది,
కడగా మిగిలిన గాలి
చిన్న నిట్టూర్పుతో బయటపడింది.

పొద్దున్నే అడిగాను, భుజం?
"ఉండాది. పోయినసారంత లేదు.
ఎంత పడితివి?"
ఎనిమిది. మధ్యలో కాసేపు పది.
"మిషను మాటే నమ్మబాక."

దుప్పటి కింద చెయ్యి పోనిచ్చి
బొటనవేలితో
తన కడుపుని తనే నొక్కి చూసుకుంది,
సైకిలు టైరుని చూసినట్టు.
ఎంతుందో నాకు చెప్పలేదు.