ఎర్త్

హర్మటాన్ దుమ్ము దిగిన నెలల్లో
కుమాసీ మెకానిక్ వాడలో
బండి కనపడకముందే దగ్గు వినపడేది.
ఆ పొద్దున అలాగే వచ్చింది అజుమాను వ్యాను.
పదిహేను సీట్లు, ఇరవై ముగ్గురు జనం,
వెనకద్దం మీద కొత్త రంగుతో: ఓపిక పట్టు.

బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటర్ మినుకుమంటుంది.
హారన్ కొడితే హెడ్‌లైట్లు కళ్లు మూస్తాయి.
వైపర్లు వేస్తే రేడియోలో పాస్టరు గొంతు పీలబడుతుంది.
"దయ్యమే," అన్నాడు అజుమాను.
"ఏ నెల నుంచి?" అంది మేడం దూఫియె.

నేనప్పటికే ఫ్యూజు డబ్బా మూత ఊడబీకి
చేతి మీద ఒకటి తిన్నాను.
అతను కమలాపండు ఒలిచాడు, తిన్నాడు, ఇంకోటి ఒలిచాడు.
ఆమె తొందరపెట్టలేదు.
"అక్టోబరు. బాడీకి రంగు వేయించాక."

పసుప్పచ్చ మీటరు నా చేతికిచ్చింది,
ఒక కడ్డీకి ప్లాస్టరు చుట్టి ఉంటుంది, అది.
ఎర్త్ తీగ రెండు చివర్లా ఆనించాను. కుయ్‌మంది.
"బాగుంది మేడం."
"కూస్తే నమ్మేస్తావా? నూరు పోగుల్లో
ఒక్కటి మిగిలినా కూస్తుందది.
పని చెప్పి చూడు."

హెడ్‌లైట్లు వేయించింది.
ఒక కడ్డీ బ్యాటరీ మైనస్ మీద,
ఇంకోటి ఇంజను పక్క రేకు మీద.
సున్నా ఉండాల్సిన చోట
మూడు పాయింట్ ఒకటి.

ఇంటిదారి మూసుకుపోతే కరెంటు ఆగదట,
పక్కవాళ్ల వాకిళ్లలోంచి నడిచిపోతుందట,
బ్రేకుది ఇండికేటర్ గదిలోంచి,
హారన్‌ది దీపాల పడకమీదుగా.
ఆమె ఇదంతా బండి కిందనుంచి చెప్పింది,
రెండు కాళ్లూ ఒక చెప్పూ మాత్రమే కనిపిస్తూ.

పదో నంబరు స్పానరు. బోల్టు ఊడింది.
కింద నీలం రంగు, నున్నగా, మెరుస్తూ,
అజుమాను ఎంతో ముచ్చటపడి వేయించిన నీలం.
గరుకు కాగితంతో గీకుతూనే ఉంది
రేకు తెల్లబడేదాకా.
తలకి రాసుకునే షియా వెన్న డబ్బా అడిగింది,
వేలితో కాస్త తీసి బోల్టు చుట్టూ పూసింది.

హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడతను
సందు చివరిదాకా, అవసరం లేకపోయినా.
దుమ్ములో దీపాలు రెప్ప వేయలేదు.

సాయంత్రం సుద్దముక్క ఇచ్చి
ఆ బండి తీగలు గోడ మీద గీయమంది.
ఫ్యూజులు, రిలేలు, స్విచ్చులు, బల్బులు,
ఒక్కటీ మరిచిపోలేదు నేను.
చాలాసేపు చూసింది.
బాణాలన్నీ బ్యాటరీ నుంచి బయల్దేరేవే,
తిరిగొచ్చేది ఒక్కటీ లేదు.
ఏమీ అనకుండా
కెంకె కొనుక్కురావడానికి వెళ్లింది.

నేను తడిగుడ్డ వెతికాను.