ఆరు ఫ్లాట్లు

బ్లైనై ఫెస్టినియోగ్‌లో వాన కూడా
పలకరాయి రంగులోనే పడుతుంది.
చాపెల్ వెనక గదిలో, హీటర్ పక్కన,
పాత కాగితాల్ని స్కాన్ చేస్తున్నాను.
పాట ఏ-ఫ్లాట్‌లో ఉంది.
అలా రాసిన రోజుల్లో పై వరసలో పద్దెనిమిది మంది టెనర్లు.
ఇప్పుడు ఇద్దరు.
ఎమ్లిన్‌కి మోకాళ్ళు, గౌరోన్వీకి ఊపిరి.

"దించు నెస్టా, కాస్త దించు," అంటారు,
అటక మీది పెట్టెని దించమన్నట్టు.

ఈ కొండని అంగుళం దించడానికి
వీళ్ళ తాతలకి ఎన్ని పొద్దులు పట్టిందో.
నాకు ఒక్క క్లిక్.
బడి గంట విన్న పిల్లల్లా స్వరాలన్నీ
ఒక్కసారిగా మెట్లు దిగిపోయాయి.

మూడు అరమెట్లు.
ఎమ్లిన్ ముఖం విచ్చుకుంది.
పై స్వరం ఇప్పుడు వంటింట్లో ఉప్పు డబ్బా అంత ఎత్తులో,
మడమలెత్తకుండానే అందుతోంది.
కింది వరసలో ఇథెల్ మాత్రం
తన చివరి స్వరం కోసం దిగీ దిగీ
ఉత్త గాలితో తిరిగొచ్చాడు.
"అక్కడ నేల లేదు," అన్నాడు.
ముప్పై ఏళ్ళు గనిలో దిగినవాడు,
నేల సంగతి అతనికి ఒకరు చెప్పాలా.

ఒక్క అరమెట్టే దించి చూశాను.
ఎమ్లిన్ మెడ నరాలు తాళ్ళయ్యాయి.

రెండు.
ఇద్దరూ ఊరుకున్నారు.
తెర మీద మాత్రం ఒక్కో వరస మొదట్లో
ఆరు ఫ్లాట్లు, ఇరుకు బల్ల మీద చుట్టాల్లా.
సాఫ్ట్‌వేర్‌కి ఏ శ్రుతైనా ఒకటే.
చాపెల్ పియానోది కర్ర, ఇనుము, చెమ్మ.
నా ఎడమ ఉంగరపు వేలు
శీతాకాలం రాగానే మొండికేస్తుంది.
సరే, ఆ బరువు నా వేళ్ళ మీద పెట్టండి, అన్నాను.
ఎవరికీ వినపడలేదు. అప్పటికే కుర్చీలు సర్దుతున్నారు.

రాత్రి ఇంట్లో తప్పులు దిద్దుతూ కూర్చున్నాను.
మూడో పేజీలో, టెనర్ వరసలో,
అచ్చులో ఎప్పుడూ లేని ఒక విరామం.
పాత కాగితం తీసి చూశాను.
అది మెయిలిర్ పెన్సిల్ గీత.
ఇక్కడ ఊపిరి తీసుకోవాలని
తనకి తాను గీసుకున్న గుర్తు.
స్కానర్ దాన్ని నిశ్శబ్దం అనుకుంది.
పోయి పదహారు నెలలైంది,
రెండు అరమెట్లు కిందికి దిగొచ్చి మరీ
ఊపిరి తీసుకుంటున్నాడు.

చెరపడానికి మౌస్ అక్కడికి తీసుకెళ్ళాను.
కాసేపు అక్కడే ఉంచాను.
తర్వాత సేవ్ చేసి, ల్యాప్‌టాప్ మూసేశాను.

మంగళవారం అందరూ అక్కడ ఆగారు,
ఎందుకని ఎవరూ అడగలేదు.
గౌరోన్వీ ఒక్కడే అన్నాడు:
"ఇప్పుడు సుళువుగా ఉంది."
ఇథెల్ ఆ సాయంత్రం టీ ముట్టలేదు,
వేడి తగిలితే తన కింది స్వరం
కరిగిపోతుందట.