నడుమెత్తు గోడ

స్టేషను కాణ్నించి మా సాహికి
అడ్డదారి ఒకటున్నాది.
ఒకపక్క సావుకారి గొడౌను గోడ, మనిషిన్నర ఎత్తు.
ఇంకోపక్క లొట్టపీసు పొద.
రాత్రి బండి దిగినోళ్లు సుట్టు తిరిగి పోయేవోరు.
డూటీ దిగి అలిసిపోయిన నర్సు అసిరితల్లి
ఒక్కరోజు తిరగనేదు.
తాడు తెగింది, మెడకి పదకొండు కుట్లు.

ఠాణావోరొచ్చి రాసుకున్నారు.
కవున్సిలరు "హెబ, హెబ" అన్నాడు.
పెళ్లయి గునుపురం వొచ్చిన కాణ్నించి
ఆ మాట ఇంటన్నాను.
ఒరియాలో అన్నా, తెలుగులో "అవుద్ది" అన్నా
అవదనే.

ఇస్త్రీ బండి దాన్ని, నాకు సదువు నేదు.
బట్ట సంగతి తెలుసు.
ఒక్క ముడత వొదిలేస్తే
దాని పక్కన ఇంకోటి పడతాది.
ఆ సందులో ఒవుడో సీసా పగలగొట్టినాడు,
ఒవులూ తుడవనేదు.
రెండోవోడికి సిగ్గు నేకపోయింది.
మూడోవోడు కత్తి తెచ్చినాడు.

ముందు పెంకులు ఏరినాం.
ఇస్సాకు రైకా కొడవలట్టి పొద నరికితే
మూడు ఖాళీ పర్సులు, ఒక సైకిలు సీటు,
ఒక సంటిగుంట సెప్పు.
ఆ సెప్పు ఒవులదని
ఒవులూ అడగనేదు.

"గోడ తగ్గిస్తే దొంగలు పడరా?" అన్నాడు సావుకారి.
"నీ గోడ బియ్యాన్నే కాదు బాబూ,
దొంగనీ దాస్తాది" అన్నాను.
పందొమ్మిది రోజులు ఆలోసించినాడు.
ఇప్పుడది నడుమెత్తు,
దాని మీద ముసలోళ్లు కూకుంటారు,
పేకముక్కలు, దగ్గులు, తగువులు.

బల్బు ఏసినాం. రాయి తగిలింది.
మళ్లీ ఏసినాం. మళ్లీ తగిలింది.
మూడోసారి దాని కిందే నా బండెట్టినాను.
బొగ్గు ఆరేదాకా, పదిన్నర దాకా అక్కడే.
వొచ్చినోళ్లని పేరెట్టి పిలుస్తాను.
పేరు తెలీనోడయితే
"ఒవులింటికి బాబూ?" అంటాను.
అంతే నా పని.
(పొదలో తాగే మా ఆయన
నాతో వారం మాటాడనేదు.)

మొన్న కుమ్మరి సాహిలో ఒకలి ఫోను లాగేసినారు.
మన సీకటి సావనేదన్నమాట,
మూటాముల్లె సర్దుకుని
రెండు సందుల అవతల కాపరమెట్టింది.

కుట్లు తడుముకుంటా అడిగింది అసిరితల్లి:
"నిచ్చెన ఒవులి దగ్గరున్నాది?"
సావుకారి దగ్గర.
ఎల్లి అడిగితే
"హెబ" అన్నాడు.

ఆయన గుమ్మం కాణ్నించి నాను కదలనేదు.
సేతిలో ఇస్త్రీపెట్టి
ఇంకా వేడిగానే ఉన్నాది.