తెల్ల గీత ఎటు?

షిల్డన్‌లో మంగళవారం రాత్రి
చర్చి హాలు వెనక గదిలో
కెటిల్ తనలో తాను గొణుక్కుంటుంటే
నేనొక బొగ్గు వ్యాగన్‌ని ముక్క ముక్కగా కోసుకుంటున్నాను.

పదహారు టన్నులది. అరచేతిలో పడుతుంది.
బూడిదరంగు ప్లాస్టిక్ కాడకి
గెలకి కాయల్లా వేలాడే భాగాలు:
పక్కలు, చివరలు, నేల,
చీపురుపుల్ల కంటే సన్నటి బ్రేకు లీవరు.
కత్తి తొందరపడితే విరుగుతుంది.
విరిగింది కూడా, మొదటిసారి.
నేలంతా పాకి వెతికాను. దొరకలేదు.

పగలు డార్లింగ్‌టన్‌లో, ల్యాబులో,
ఎవరివో తెలియని నోళ్లకు పళ్లు చేస్తాను.
అవే ఆకురాళ్లు, అదే భూతద్దం,
అదే ఊపిరి బిగబట్టడం.
కాకపోతే అక్కడ
పన్నుకి తుప్పు పట్టించమని ఎవరూ అడగరు.

తుప్పుకో పద్ధతుంది.
ముందు ఇటుకరంగు పూసి ఆరనివ్వాలి.
తడిచేసి, వంటింటి ఉప్పు చల్లి,
దానిమీద బూడిదరంగు వెయ్యాలి.
ఆరాక బొటనవేలితో రుద్దితే
ఉప్పు రాలిన చోటల్లా
ముప్పై ఏళ్ల వాన బయటపడుతుంది.
కొలతేమీ లేదు, కూరలో వేసినట్టే,
చేతికి తెలియాలి.

ఈ కిట్లు నార్మన్ హెస్లప్‌వి.
మెట్లకింద అలమరలో
విప్పని పెట్టెలు ముప్పై ఏడు.
ఊళ్లో వ్యాగన్ షాపు మూతపడేదాకా
అక్కడ రేకులు మార్చిన మనిషి.
తీరిక దొరికాక కడదామని దాచుకున్నాడు.
తీరిక కంటే ముందు
చూపు నడుమ మచ్చ వచ్చింది.
ఇప్పుడతను అంచుల్లోంచి చూస్తాడు:
నా చెవి, తలుపు గొళ్లెం, కిటికీ మూల.
ఎదురుగా ఉన్న నేను తప్ప అన్నీ.

కట్టింది చేతిలో పెడితే
వేళ్లతో చదువుతాడు, పంక్తి వదలకుండా.
"ఇక్కడ ఉబ్బుండాలి.
బొగ్గు తోడే గ్రాబు లోపల్నుంచి గుద్దేది.
తిన్నగా ఉన్న బండిని నేను చూళ్లేదు, పిల్లా."
చెంచా వేడిచేసి లోపల్నుంచి నొక్కుతాను.
గాజుపలక మీద పెట్టి తోస్తాడు, చెవి వంచి.
"మూడు కాళ్ల మీద నడుస్తోంది."
నిజమే. ఒక చక్రం
వెంట్రుకవాసి గాల్లో ఉంది.

బండిలోకి మాత్రం నిజం బొగ్గే.
అతను దాచిన పెళ్ల ఒకటి
నా అల్లం దంచే కల్వంలో నూరాను.
అన్నిటినీ చిన్నవి చెయ్యాలి గానీ
బొగ్గుని చెయ్యక్కర్లేదు.
ఎంత నలిగినా
కొండ విరిగినట్టే మెరుస్తుంది.

అప్పుడడిగాడు:
"తెల్ల గీత ఎటు లేస్తోంది?"

పక్క రేకు మీద ఏటవాలు గీత అది.
ఎటు పైకి లేస్తే అటు చివర తలుపు.
యార్డులో, చీకట్లో, లాంతరు పట్టుకున్నవాళ్లు
దాన్ని చూసే బండిని తిప్పేవాళ్లు.
నీళ్లలో నానబెట్టి జార్చిన పొర,
గోటికి కూడా తగలదు.
అతని వేళ్లు దానిమీంచి
ఏమీ లేనట్టు వెళ్లిపోయాయి.

చూశాను.
తలుపు ఎడమన. గీత కుడికి.

"తలుపు వైపే," అన్నాను.

అతను టీలో చక్కెర కలిపాడు.
కరిగాక కూడా కలుపుతూనే ఉన్నాడు.

ఆ రాత్రి వంటింటి బల్లమీద
స్పిరిట్ దూదితో గీతని తుడిచాను.
సగమే పోయింది,
పోతూ పోతూ నా ఉప్పు తుప్పుని వెంట తీసుకుపోయింది.
మిగిలిన నీడ మీదుగా
సరైన గీత అతికిస్తే
రెండూ కలిసి
తప్పు లెక్క పక్కన పంతులుగారి ఇంటూ గుర్తు.

మళ్లీ మంగళవారం,
కోటు కూడా విప్పకుండా చెప్పేశాను.
గీత తప్పని, అబద్ధమాడానని,
తుడిచానని, మచ్చ పడిందని.

నార్మన్ బండిని అందుకున్నాడు.
మచ్చ ఎక్కడని అడగలేదు.
బొటనవేలితో దాన్ని ఇటు నుంచి అటు తిప్పి
"మరి రెండో పక్క?" అన్నాడు.

రెండో పక్క
నేను చూడనే లేదు.