వీపెనక పిన్నులు

రాత్రి పన్నెండు దాటినంక
దేరాల మాల్ షట్టర్ సగం దించి
అద్దాల లోపటికి ఎక్కుతం ఇద్దరం.
రోడెల్ మొండెం పట్టుకుంటడు,
నేను కాళ్లు బిగిస్త.

మగ బొమ్మలు ఏడు.
ఛాతీ ముప్పై ఎనిమిది, నడుం ఇరవై తొమ్మిది,
పొట్ట మీద ఆరు పలకలు
ఇటుక అచ్చుల కెల్లి తీసినట్టు.
తలకాయలు మొన్నటిదాక ఉండె.
మొఖం కనవడితే కొనేటోని చూపు
అంగి మీద నిలవడదని
కంపెనీ తీపిచ్చింది.
అట్టపెట్టెల ఏడు మొఖాలు
గోదాం కప్పు దిక్కు చూసుకుంట పడున్నయ్.

నా నడుం ముప్పై ఎనిమిది.
ఇంటికి వీడియో కాల్ చేస్తే
ఫోన్‌ను గడ్డం కాడనే పట్టుకుంట.
మూడేండ్ల సంది సుగుణ నన్ను
మెడ దాకనే చూసింది.
వాటికి తల లేదు,
నాకు తల ఒక్కటే ఉన్నది.

ఈ కొలువుల నేను నేర్సుకున్న విద్య ఇది:
ఏ అంగీ ఏ బొమ్మకూ సరిపోదు.
ముంగట చర్మం లెక్క అంటుకుంటది.
వీపెనకకు వచ్చి చూడు,
పదకొండు పిన్నులు, రెండు క్లిప్పులు,
మడత మీద మడత,
ఎవడో గల్ల పట్టి గుంజినట్టు.

అద్దం అవుతల నిలవడెటోళ్లకు వీపు కనవడదు.
మొన్నొక పిలగాడు, ఇంక మీసం సరిగ రాలే,
బొమ్మ దిక్కు చూసి
తన పొట్ట లోపటికి గుంజుకున్నడు.
అట్లనే బిగవట్టి
ఎస్కలేటర్ దాక నడిచిండు.
వాడు ఊపిరి ఇడిసేదాక
నేను గూడ ఇడువలే.

ఈ సీజన్‌ల కొత్త సరుకు దిగింది:
నీలం కవరాల్.
మోకాళ్ల కాడ కావాలని అరగదీసిన్రు,
చేతుల మీద సిమెంటు రంగు చిలకరించిన్రు.
పదకొండు వందల యాభై దిర్హాములు.
పోస్టర్ల మోడల్ పరంజా పట్టుకోని నిలవడ్డడు,
అరచేతులు వెన్నముద్దలు.

సోనాపూర్ క్యాంపుల నా పై మంచం భూమేశ్‌ది,
మెట్‌పల్లి దిక్కు మనిషి.
పైపులు మోసి మోసి వాని కుడి భుజం
ఎడమ దానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది.
శుక్రవారం మాల్‌కొచ్చి
ఆ కవరాల్ ముంగట శానాసేపు నిలవడ్డడు.
"గిదేందిరా, నాకు కంపెనీ ఊకెనే ఇచ్చింది గదా!"
తర్వాత మెల్లగ అడిగిండు,
"నా సైజు ఉన్నదా?"

ట్రయల్ రూంల 'ఎల్' తొడిగి చూసినం.
భుజాల కాడ ఆగిపోయింది.
అంతకంటే పెద్దది తయారే చెయ్యలేదట.
కూలోని కవరాల్
కూలోనికి పట్టలే.
జిప్పు సగంల ఇరికితే
ఇద్దరం కిందవడి నవ్వినం.
నవ్వినంక వాడు అద్దం దిక్కు తిరిగి
కుడి భుజాన్ని ఎడమ చేత్తో
పైకెత్తి చూసుకున్నడు,
ఒక్కసారి.

ఈ రాత్రి ఆ కవరాల్‌నే బొమ్మకు తొడుగుతున్న.
కుడి భుజం కాడ పిన్ను తీసి
రెండు వేళ్లు కిందికి జారనిచ్చిన.
రోడెల్ చూసిండు, ఏమనలే.
పొద్దుగాల మేనేజర్ వచ్చి సరిచేపిస్తడు, ఎరుకే.

పెదవుల నడుమ నాలుగు పిన్నులున్నయ్,
నవ్వితే కుచ్చుకుంటయ్.